అమెరికాలో పిల్లల చట్టాలకు దారి వేసిన మేరీ ఎలెన్

అమెరికాలో పిల్లల రక్షణ గురించి ఏ శిక్షణ తరగతికి వెళ్లినా తొందరగానే వినిపించే పేరు మేరీ ఎలెన్ విల్సన్. వారాంతాల్లో తెలుగు బడిలో పాఠాలు చెప్పేవాళ్లందరూ అలాంటి శిక్షణ తీసుకోవాలని మా బడివాళ్లు నియమం పెట్టారు. ఆ పేరు నేను మొదటిసారి విన్నది అక్కడే. పదేళ్ల పిల్ల, న్యూయార్క్, 1874 అని రెండు ముక్కల్లో చెప్పి శిక్షకురాలు ముందుకు వెళ్లిపోయారు. ఇంటికొచ్చి ఆమె గురించి చదవడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. పదేళ్ల వయసు వరకు ఆ పిల్లకు జరిగింది ఒక ఎత్తు. ఆ తర్వాత ఎనభై రెండేళ్లు ఆమె ఎలా బతికిందన్నది ఇంకో ఎత్తు. పిల్లలున్న మన ఇళ్లకు పనికొచ్చే సంగతులు అందులో చాలా ఉన్నాయనిపించి ఇది రాస్తున్నాను.

పుట్టిన ఏడాదే తండ్రి పోయాడు

మేరీ ఎలెన్ 1864 మార్చిలో న్యూయార్క్‌లో పుట్టింది. తల్లి ఫ్రాన్సెస్, తండ్రి థామస్ విల్సన్. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. ఉత్తరాది సైన్యంలో ఉన్న థామస్ ఆ ఏడాదే వర్జీనియాలోని కోల్డ్ హార్బర్ యుద్ధంలో చనిపోయాడు. చంకలో పసిబిడ్డ, ఆదుకునేవాళ్లు లేరు. పనికి వెళ్తే తప్ప పూట గడవదు కాబట్టి ఫ్రాన్సెస్ బిడ్డను డబ్బిచ్చి ఒకామె దగ్గర ఉంచింది. ఆ రోజుల్లో అక్కడి పేద తల్లులు చాలామంది చేసిన పనే అది. కొన్నాళ్లకు ఆ డబ్బు కట్టలేకపోయింది. బిడ్డను చూడటానికి రావడమూ తగ్గిపోయింది. ఆ పెంచుతున్నామె, ఇంకా రెండేళ్లు కూడా నిండని పిల్లను పేదలనూ అనాథలనూ చూసే నగర శాఖకు అప్పగించేసింది.

అక్కడి నుంచి 1866లో థామస్ మెకార్మక్, మేరీ మెకార్మక్ అనే దంపతులు ఆమెను తీసుకెళ్లారు. బిడ్డకు అసలు తండ్రిని తానేనని మెకార్మక్ చెప్పుకున్నాడు. దాన్ని నిరూపించే కాగితాలేవీ లేకుండానే శాఖవాళ్లు ఒక ఒప్పంద పత్రం రాయించుకుని పిల్లను ఇచ్చేశారు. ఏటా వచ్చి పిల్ల ఎలా ఉందో చెప్పాలన్నది అందులో షరతు. ఎనిమిదేళ్లలో ఆ షరతు ఒకటి రెండుసార్లకు మించి పాటించలేదు. అయినా పిల్లను ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

మెకార్మక్ కొద్దికాలానికే చనిపోయాడు. అతని భార్య ఫ్రాన్సిస్ కానలీ అనే అతన్ని పెళ్లి చేసుకుని మేరీ కానలీ అయింది. వాళ్ల కాపురం మన్‌హాటన్‌లో వెస్ట్ 41వ వీధి ప్రాంతంలో, పేదవాళ్లు కిక్కిరిసి ఉండే అద్దె గదుల్లో. న్యూజెర్సీ నుంచి బస్సులో ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లు రోజూ దిగే పోర్ట్ అథారిటీ టెర్మినల్ ఇప్పుడు ఆ వీధిలోనే, ఎనిమిదో తొమ్మిదో అవెన్యూల మధ్య ఉంది. నేనూ ఏళ్ల తరబడి అక్కడే దిగాను.

గోడకు అవతలివాళ్లు

గోడలకు చెవులుంటాయని మనం రహస్యాల విషయంలో భయపెట్టడానికి అంటాం. మేరీ ఎలెన్‌ను బతికించింది మాత్రం ఆ చెవులే. ఆ ఇంట్లో పిల్లను కొట్టే చప్పుడు, ఆమె ఏడుపు పలచటి గోడల గుండా పొరుగువాళ్లకు వినిపించేవి. కానలీ కుటుంబం ఇల్లు మారినా, పాత ఇంటి పొరుగున ఉన్న ఒకామె ఆ పిల్లను మరిచిపోలేదు. ఆ పేటలో తిరిగి పేదలకు సాయం చేసే ఎట్టా ఏంజెల్ వీలర్ అనే మెథడిస్ట్ సేవకురాలికి సంగతి చెప్పింది.

1873 డిసెంబర్‌లో వీలర్ ఆ కొత్త ఇంటికి వెళ్లారు. పక్క గదిలో మేరీ స్మిట్ అనే రోగిష్టి మనిషి క్షయతో మంచం పట్టి ఉంది. ఆమెకు కాస్త సాయంగా ఉండమని అడిగే నెపంతో వీలర్ కానలీ తలుపు తట్టారు. లోపల కనిపించింది ఇది: చలికాలంలో చెప్పుల్లేని కాళ్లు, ఒంటి మీద చాలీచాలని బట్ట, తనంత బరువున్న పెనాన్ని కడుగుతున్న పిల్ల. దాదాపు పదేళ్ల పిల్ల ఐదేళ్ల దానిలా ఉంది. బల్ల మీద తోలుపట్టీలు మెలిపెట్టి చేసిన కొరడా. చేతుల మీదా కాళ్ల మీదా దాని వాతలు.

వీలర్ ఆ తర్వాత నాలుగు నెలలు ఊరుకోలేదు. పోలీసులను అడిగితే రుజువు కావాలన్నారు. పిల్లల ఆశ్రమాలను అడిగితే, చట్టప్రకారం తెచ్చి అప్పగిస్తే తీసుకుంటామన్నారు. చట్టప్రకారం తేవడం ఎవరి పని అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి వీలర్ బంధువుల అమ్మాయి ఒక పేరు చెప్పింది. జంతువుల మీద హింసను అరికట్టడానికి 1866లో సంఘం పెట్టిన హెన్రీ బెర్గ్ పేరు. గుర్రాలను కొడితే బండివాళ్లను కోర్టుకు లాగే ఆయన, ఒక పిల్ల గురించి చెబితే కనీసం వింటారు కదా అన్నది ఆమె ఆలోచన.

బెర్గ్ విన్నారు. సంగతంతా కాగితం మీద రాసివ్వమన్నారు, మనిషిని పంపి నిజానిజాలు చూసుకున్నారు, తన సంఘం న్యాయవాది ఎల్‌బ్రిడ్జ్ గెర్రీకి కేసు అప్పగించారు. ఎన్నికల నియోజకవర్గాలను తమకు అనుకూలంగా వంకరటింకరగా గీసుకోవడాన్ని అమెరికాలో జెర్రీమాండరింగ్ అంటారే, ఆ మాట ఈ గెర్రీ తాతగారి పేరు మీద పుట్టిందే.

కోర్టులో చెప్పిన మాట

ఇక్కడ ఒక పొరపాటు కథ బాగా వ్యాపించి ఉంది. పిల్లల్ని కాపాడే చట్టమే లేదని, అందుకని మేరీ ఎలెన్ కూడా ఒక జంతువేనని వాదించి జంతువుల చట్టం కింద కాపాడారని చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం అది కాదు. గెర్రీ వాడింది హెబియస్ కార్పస్ చట్టంలోని 65వ సెక్షన్. ఒక మనిషిని అక్రమంగా నిర్బంధంలో ఉంచితే, ఆ మనిషిని న్యాయమూర్తి ముందుకు తెప్పించే అధికారం అది. అంతకు ఐదేళ్ల ముందే, 1869లో, గుడ్డివాడైన కన్న కొడుకును చలికాలంలో నేలమాళిగలో పెట్టి తాళం వేసిన తల్లిదండ్రుల శిక్షను ఇల్లినాయ్ సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. అంటే చట్టం అక్కడక్కడా ఉంది. దాన్ని పట్టుకుని ఆ తలుపు తట్టాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. నాకు ఈ జీవితంలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన సంగతి ఇదే.

1874 ఏప్రిల్ 9న మేరీ ఎలెన్‌ను న్యాయమూర్తి అబ్రహాం లారెన్స్ ముందుకు తీసుకొచ్చారు. సరైన బట్టలు లేక గుర్రబ్బండిలో వాడే దుప్పటిలో చుట్టి ఎత్తుకొచ్చారు. ముఖం మీద కత్తెరతో చీరిన గాయం. ఆ రోజు కోర్టులో ఉన్న విలేఖరి జేకబ్ రీస్, అక్కడున్న మగవాళ్లు ఆ పిల్లను చూసి కన్నీళ్లు పెట్టుకున్నారని తర్వాత రాశాడు.

పిల్ల తన సంగతి తానే చెప్పింది. తన వయసెంతో తనకు తెలియదు. తనను బయట ఆడుకోనివ్వరు. కిటికీ కింద నేల మీద ఒక తివాచీ ముక్క మీద పడుకుంటుంది. దాదాపు రోజూ దెబ్బలు పడతాయి, ఎందుకు పడతాయో తెలియదు. తనను ఎవరూ ఎప్పుడూ ముద్దు పెట్టుకున్నట్టు గుర్తు లేదు. ఆ ఇంటికి తిరిగి వెళ్లనని చెప్పింది. ఆ నెలాఖరులోపే జ్యూరీ మేరీ కానలీని దోషిగా తేల్చింది. ఏడాది కఠిన జైలు శిక్ష పడింది.

నేల మీద నడవడం నేర్చుకున్న పిల్ల

మేరీ ఎలెన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

కోర్టు ఆమెను మొదట ఒక ఆశ్రమంలో ఉంచింది. అక్కడ ఉన్నది పెద్ద వయసు ఆడపిల్లలు. ఇంత చిన్న పిల్లకు అది తగిన చోటు కాదని వీలర్ మళ్లీ న్యాయమూర్తి దగ్గరకు వెళ్లి అడిగి, ఆమెను రాచెస్టర్ దగ్గర పల్లెలో ఉన్న తన తల్లి ఇంటికి పంపారు. ఆ పల్లెలో పిల్లకు అన్నీ వింతే. గడ్డి, చెట్లు, పొలాలు ఎప్పుడూ చూసి ఎరగదు. గదుల్లో చదునైన నేల మీద తప్ప నడిచింది లేదు కాబట్టి, ఎగుడుదిగుడు మట్టి నేల మీద అడుగు ఎలా వేయాలో పసిపిల్లలా నేర్చుకోవాల్సి వచ్చింది. ఆడుకోవడమూ అలాగే ఒక్కొక్కటిగా నేర్చుకుంది. దెబ్బల వాతలు మానడానికి పట్టే కాలం వేరు, పోయిన బాల్యం నేర్చుకోవడానికి పట్టే కాలం వేరు.

ఏడాదిన్నర తిరక్కుండానే వీలర్ తల్లి చనిపోయారు. అప్పుడు వీలర్ చెల్లెలు, ఆమె భర్త ఆ పిల్లను తమ పిల్లలతోపాటు పెంచారు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారిన పిల్లను ఈసారి చేతులు మారినా వదల్లేదు.

ఇరవై నాలుగేళ్ల వయసులో, 1888లో, లూయిస్ షట్ అనే భార్య పోయిన అతన్ని పెళ్లి చేసుకుంది. అతని మొదటి భార్య పిల్లలకు మేరీ ఎలెన్ తల్లి అయింది. తనకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పెద్దమ్మాయికి ఎట్టా అని, తనను వెతికి పట్టుకున్నామె పేరే పెట్టుకుంది. రెండో అమ్మాయి ఫ్లారెన్స్. ఇది చాలదన్నట్టు ఇంకో అనాథ పిల్లనూ తెచ్చి పెంచుకుంది. సవతి తల్లి లాంటి మనిషి చేతిలో చావుదెబ్బలు తిన్న పిల్ల, తాను కనని పిల్లలకు తల్లిగా బతికిందన్నమాట. కూతుళ్లిద్దరూ టీచర్లయ్యారు. రాచెస్టర్ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలకు ఫ్లారెన్స్ పేరు పెట్టారు.

తన చిన్ననాటి సంగతులు ఆమె ఇంట్లో పెద్దగా చెప్పేది కాదు. 1913లో రాచెస్టర్‌లో పిల్లల, జంతువుల సంక్షేమ సంఘాల సభ జరిగితే, అక్కడ వీలర్ ఈ కథ చెప్పారు. మేరీ ఎలెన్ ఆ సభకు వెళ్లింది. వీలర్ 1921లో కన్నుమూశారు. మేరీ ఎలెన్ 1956 అక్టోబర్ 30న, 92 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఆ కేసు తర్వాత

కేసు జరిగిన ఏడాదే, 1874 డిసెంబర్‌లో, బెర్గ్, గెర్రీ, జాన్ రైట్ కలిసి న్యూయార్క్‌లో పిల్లల మీద హింసను అరికట్టే సంఘం పెట్టారు. పిల్లల రక్షణ కోసమే పుట్టిన సంఘాల్లో ప్రపంచంలో అదే మొదటిది. న్యూయార్క్‌లో దాన్ని చూసి వెళ్లిన ఒక వ్యాపారి వల్ల 1883లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో అలాంటిదే వచ్చింది. మన వైపు 1908లో మద్రాసులో బాలల రక్షణ సంఘం ఏర్పడింది. 1920లో వచ్చిన మద్రాసు బాలల చట్టం భారతదేశంలో ఆ కోవలో మొదటిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

అమెరికాలో 1962లో డెన్వర్ డాక్టర్ హెన్రీ కెంప్, ఆయన సహచరులు కలిసి దెబ్బలు తిన్న పిల్లల ఎముకలు, గాయాలు చూసి గుర్తుపట్టడం ఎలాగో వైద్య పత్రికలో రాశారు. అది చదివి దేశం ఉలిక్కిపడింది. 1967 నాటికి రాష్ట్రాలన్నీ అనుమానం వస్తే డాక్టర్లు ప్రభుత్వానికి తెలపాలనే చట్టాలు చేశాయి. 1974 జనవరి 31న పిల్లల మీద హింసను నివారించే జాతీయ చట్టం వచ్చింది. మేరీ ఎలెన్ కోర్టుకు వచ్చిన వందేళ్లకు. ఆడవాళ్ల మీద హింసకు సంబంధించిన జాతీయ చట్టం 1994లో వచ్చింది.

చూసే పిల్లలకూ తగులుతుంది

మన ఇళ్లలో చాలామంది అనుకునేది, గొడవ మాకూ మాకూ మధ్యే, పిల్లల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు కదా అని. పిల్ల నిద్రపోయింది, వినలేదు అని. 1990లలో శాన్ డియేగోలో కైజర్ పర్మనెంటే ఆసుపత్రులు, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కలిసి 17 వేలమందికి పైగా పెద్దవాళ్లను చిన్నప్పటి కష్టాల గురించి అడిగాయి. అందులో ఒక ప్రశ్న తమను కొట్టారా అన్నది. ఇంకో ప్రశ్న ఇంట్లో అమ్మను కొట్టడం చూశారా అన్నది. అలాంటి కష్టాలు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక గుండె జబ్బులు, డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నాలు అంత ఎక్కువగా కనిపించాయి. 1998లో మొదటి విడత ఫలితాలు వెలువడ్డాయి.

పిల్లల్లో అది దెబ్బలా కనిపించదు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. కారణం దొరకని కడుపునొప్పి వస్తుంది. చదువు పడిపోతుంది. కొందరైతే దీనికి పూర్తిగా ఎదురు, అతి బుద్ధిమంతులైపోతారు. అమ్మానాన్నల ముఖాలు చూసి ఇంట్లో గాలి ఎటు వీస్తోందో పసిగట్టడమే వాళ్ల పని అవుతుంది. పదేళ్ల పిల్ల చెల్లెలి పాలూ అన్నమూ కూడా తానే చూసుకుంటుంటే మనం ఎంత పెద్దరికమో అని మెచ్చుకుంటాం. ఒక్కోసారి అది పెద్దరికం కాదు, భయం.

దీనికి విరుగుడు కూడా పరిశోధనల్లో తేలింది. పిల్ల జీవితంలో నిలకడగా, ప్రేమగా ఉండే పెద్దమనిషి ఒక్కరున్నా చాలా తేడా వస్తుంది. మేరీ ఎలెన్ జీవితమే అందుకు సాక్ష్యం.

తల్లులు అడిగే ప్రశ్న

తెలుగు బడిలో ఒకసారి ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగింది. పోలీసులను పిలిస్తే పిల్లల్ని తీసుకుపోతారట కదా అని. ఈ ఒక్క భయంతో నోరు మూసుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. న్యూయార్క్ నగరంలో ఒకప్పుడు, భర్త చేతిలో దెబ్బలు తిన్న తల్లుల దగ్గర నుంచి పిల్లల్ని నిజంగానే తీసుకెళ్లేవారు, ఆ హింస పిల్లల కంట పడనిచ్చిందన్న కారణంతో. నికల్సన్ అనే ఒక తల్లి పేరుతో ఆ పద్ధతి మీద కేసు నడిచింది. 2002లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి తప్పన్నది. పిల్లలు ఇంట్లో హింస చూశారన్న ఒక్క కారణంతో తల్లి నిర్లక్ష్యం చేసిందని తేల్చి, పిల్లల్ని విడదీయకూడదని 2004లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. ఇది న్యూయార్క్ తీర్పు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. అందుకే గృహహింస సహాయ సంస్థవాళ్లతో ముందుగా మాట్లాడటం మంచిది.

రక్షణ ఉత్తర్వు అడిగేటప్పుడు పిల్లల పేర్లు కూడా అందులో చేర్చమని, తాత్కాలికంగా వాళ్లను తన దగ్గరే ఉంచమని తల్లి అడగవచ్చు. వీసా భయమూ ఉంటుంది. భర్త గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉన్నవాడైతే, అతని సంతకంతో పనిలేకుండా భార్య సొంతంగా దరఖాస్తు పెట్టుకునే దారి 1994 చట్టంలో ఉంది. భార్యను కాక బిడ్డను హింసించినా ఆ దారి తెరిచే ఉంటుంది. హెచ్-4 మీద ఉన్నవాళ్లకు హింస కారణంగా వర్క్ పర్మిట్ అడిగే వీలు తర్వాతి సవరణలో వచ్చింది. నేరం జరిగి పోలీసులకు సహకరించినవాళ్లకు యూ వీసా ఉంది. పిల్లల్ని తీసుకుని ఇండియా విమానం ఎక్కేద్దామనుకునేవాళ్లు మాత్రం ముందు లాయర్‌ను కలవాలి. రెండో తల్లి లేదా తండ్రి హక్కును అడ్డుకోవడానికి పిల్లల్ని దేశం దాటించడం 1993 ఫెడరల్ చట్టం కింద నేరం. హింస నుంచి పారిపోతున్నామన్న వాదన ఆ చట్టంలోనే ఉంది. కానీ దాన్ని నిలబెట్టుకోవడానికి కాగితాలు కావాలి.

ఒక చెంపదెబ్బకే జైలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. తల్లిదండ్రుల మితమైన దండనను అమెరికాలో ఏ రాష్ట్రమూ పూర్తిగా నిషేధించలేదు. వాత తేలితే, వస్తువుతో కొడితే, గాయమైతే అది దండన హద్దు దాటిందని అధికారులు చూస్తారు. దండం దశగుణం అని నేర్చుకుని పెరిగిన మనకు ఆ హద్దు ఎక్కడుందో తెలిసి ఉండటం అవసరం.

మన పొరుగు ఇల్లు

ఇంటి గుట్టు లంకకు చేటు అని మనకు చిన్నప్పటి నుంచి చెప్పారు. సంసారం అన్నాక మాటామాటా వస్తాయిలే, మనకెందుకు అనేది ఇంకో అలవాటు. న్యూజెర్సీ, టెక్సాస్ రాష్ట్రాల్లో ఆ మాట చెల్లదు. పిల్లల మీద హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే, టీచర్లూ డాక్టర్లే కాదు, ఎవరైనా సరే తెలపాలని అక్కడి చట్టం. మనసులో కల్మషం లేకుండా తెలిపినవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. రుజువు వెతకడం మన పని కాదు, అధికారుల పని. వీలర్ నాలుగు నెలలు తలుపు తలుపూ తిరిగితే కానీ జరగనిది, ఇప్పుడు ఒక ఫోన్ కాల్‌తో మొదలవుతుంది.

ప్రమాదం అప్పటికప్పుడు ఉంటే 911. గృహహింస జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233. పిల్లల విషయమైతే చైల్డ్‌హెల్ప్ నంబర్ 1-800-422-4453. మాట్లాడటానికి ఇంగ్లిష్ రాకపోతే దుభాషి కావాలని చెప్పవచ్చు.

మంచం దిగలేని మేరీ స్మిట్ దగ్గర డబ్బు లేదు, పలుకుబడి లేదు. గోడ అవతల విన్నది వీలర్‌కు చెబుతూ వచ్చింది, అంతే. ఒక పిల్లకు ఎనభై రెండేళ్ల బతుకు, ఆ పిల్ల వెనుక లెక్కలేనంతమంది పిల్లలకు ఒక చట్టం రావడానికి అది సరిపోయింది. మన పక్క ఫ్లాట్ నుంచి అలాంటి ఏడుపు వినిపిస్తే, టీవీ శబ్దం పెంచకుండా ఆ మాత్రం పని మనమూ చేయగలం.